వేడి ఇంజన్లో ముల్లు ఎక్కడుండాలి?

అంబాసిడర్ ఇంజన్ బోరుకొచ్చిందంటే ఒకప్పుడు అనంతపురం, గుత్తి, కదిరిల్లో ఏ షెడ్డుకైనా తోలేవాళ్లు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ 2014లో ఆగిపోయింది. ఆ బండిని ఇంకా ఇష్టంగా ఉంచుకున్నవాళ్లం కొద్దిమందిమే మిగిలినాం. క్రాంకు గ్రైండింగు చేయించి, కొత్త షెల్ బేరింగులు వేయించిన కుర్రాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, పొద్దున ఆయిల్ మీటరు 60 చూపించింది. బెంగళూరు రోడ్డు మీద తిరిగొచ్చి నిలబెడితే 15కి పడిపోయింది. మళ్లీ విప్పాల్నా?"

వద్దప్పా. ఆ ఇంజన్ బాగానే ఉంది.

ఆయిల్ పంపు ప్రెజర్ పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. పంపు చేసేది ఆయిల్‌ను తోయడం వరకే. ఆ ఆయిల్ ఇరుకు సందుల్లోంచి పోలేక అడ్డుపడితే పుట్టేదే ప్రెజర్. డ్రిప్పు వేసిన మన రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. మీటరు పడిపోతే మోటారును తిట్టడు, ఏ ఉడతో పైపు కొరికిందేమోనని చేనంతా తిరుగుతాడు. మామూలుకంటే ఎక్కువ చూపిస్తే సంబరపడడు, డ్రిప్పర్లు పూడిపోయినాయేమోనని చూస్తాడు. ఇంజన్ మీటరునూ ఆ కంటితోనే చూడాలి.

అంబాసిడర్లోని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ కంపెనీ డిజైన్. క్రాంకుకు మూడు మెయిన్ బేరింగులు. క్రాంకుకూ షెల్లుకూ మధ్య సందు ఇంచిలో వెయ్యో వంతు నుంచి అలాంటి రెండున్నర వంతుల దాకా, అంతే. బేరింగు అరిగి సందు పెరిగితే ముల్లు దిగుతుంది. సందు పెరగకున్నా, ఆయిల్ కాగి పల్చబడితే దిగుతుంది. స్లోలో పంపు నిదానంగా తిరుగుతుంది కాబట్టి అప్పుడూ దిగుతుంది. మే నెలలో, ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడినారనుకోండి, వేడీ స్లో రెండూ ఒకేసారి కలుస్తాయి. ముల్లు అన్నిటికంటే కిందికి దిగేది అక్కడే. బాగున్న ఇంజన్ వేడెక్కి రోడ్డు మీద పోతుంటే 50 పీఎస్‌ఐ దరిదాపుల్లో, స్లోలో 15 ప్రాంతంలో ఉంటే చాలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 60, 70 చూపించడం చిక్కటి ఆయిల్ మహిమే. దాన్ని బట్టి రిపేరు నాణ్యత తేలదు.

నాకు కోపమొచ్చేది ఇంకో పనికి. ముల్లు నిలబడాలని ఇంకా మందమైన ఆయిలు, డబ్బాల్లో అమ్మే చిక్కటి మందులు పోస్తారు. బండి అమ్మేముందైతే మరీను. ముల్లు లేస్తుంది, నిజమే. కానీ సందుల్లోంచి పారే ఆయిల్ తగ్గుతుంది. బేరింగుల వేడిని మోసుకుపోవాల్సింది ఆ పారే ఆయిలే. ఈ ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 సరిపోతుంది, మన ఎండలకు కూడా.

ఓవరాలింగ్ అయినాక మొదటి స్టార్టు గురించి కాస్త ఓపిగ్గా చెప్తాను, చాలా బేరింగులు ఆ నిమిషంలోనే పాడవుతాయి. బిగించేటప్పుడే పంపులో వాజలీను నింపితే అది మొదటి చుట్టులోనే ఆయిల్‌ను పట్టి లాగుతుంది. స్పార్కు ప్లగ్గులు నాలుగూ తీసి, ఆగి ఆగి సెల్ఫ్ కొడుతుండాలి. ముల్లు కదిలినాకే ప్లగ్గులు బిగించండి. మొదటి ఆయిల్‌ను తొందరగా మార్చి, పాత ఫిల్టరును కోసి ఎండలో మడతలు విప్పి చూడండి. సన్నటి బూడిద రంగు మెరుపు కొత్త రింగులు సర్దుకుంటున్నందుకు. రాగి రంగు తునకలు కనిపిస్తే బేరింగు పై పొర పోయినట్టే, ఆ బండిని ఇక కదిలించొద్దు. మన ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టరు దాటిందంటే ఆ పొరను గీరేస్తుంది.

వంపు తిరిగేటప్పుడు ముల్లు ఒక్కసారిగా పడి లేస్తుంటే ఇంజన్ కింది ఆయిల్ చాంబర్లో ఆయిల్ తక్కువైంది. వణుకుతుంటే పంపు గాలి పీలుస్తుండొచ్చు. సున్నాకు పడితే మాత్రం అక్కడికక్కడే ఇంజన్ ఆపేయండి, పక్క ఊరిదాకా పోదామనుకోవద్దు. ఎర్రలైటును నమ్ముకోలేం. ప్రెజర్ ఐదారు పీఎస్‌ఐకి దిగితేగానీ అది వెలగదు. బరువు మీద పరిగెత్తే ఇంజన్‌కు అప్పటికే ఆలస్యమైపోతుంది.

ముల్లు తక్కువ చూపిస్తుంటే, ఇంజన్ విప్పే ముందు మీటరుకు వైరుతో సంకేతం పంపే కరెంటు సెండరు తీసి, ఆ రంధ్రంలోనే సన్నటి గొట్టంతో పనిచేసే మాస్టరు మీటరు బిగించి చూడండి. అందులో ఉండే వంపు గొట్టానికి ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్నాడు. వైర్లతో పనిలేదు కాబట్టి ఈ మీటరు మాటే నమ్మాలి. అదీ తక్కువే చూపిస్తే బ్లాకు వెనకవైపు పక్కన గుండ్రటి టోపీ నట్టు ఉంటుంది, దాన్ని విప్పండి. లోపల స్ప్రింగూ రిలీఫ్ వాల్వూ ఉంటాయి. వాల్వు కూర్చునేచోట గింజంత మడ్డి ఇరుక్కున్నా ఆయిల్ తిరిగి చాంబర్లోకే కారిపోతుంది. తుడిచి బిగించి, మళ్లీ వేడెక్కించి చూడండి. అప్పటికీ లేవకపోతేనే చాంబరు దించండి.