గది వెచ్చగా ఉండాలి.. గాలీ ఆడాలి

కొరాపుట్: సాయంత్రం 5 గంటలు దాటితే చాలు.. సిమిలిగుడ బజారులో మఫ్లర్లు, మంకీ క్యాపులు బయటికొస్తాయి. టీ కొట్టు పొయ్యి చుట్టూ జనం మూగుతారు. పొద్దు గుంకాక వీధులు బోసిపోతాయి. సునాబెడ, దమన్‌జొడి, పొట్టంగి, నందపూర్.. ఎటు చూసినా మార్గశిరం నుంచి మాఘం దాకా ఇదే తీరు. విశాఖలో పలచని దుప్పటితో గడిచిపోయే రాత్రి, ఘాట్ ఎక్కి ఇటొస్తే రెండు రగ్గులు కప్పుకొన్నా గడవదు.

కారణం ఎత్తే. కొరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. దానికి తోడు మబ్బు లేని ఆకాశం, పొడిగాలి. పగలు నేల దాచుకున్న వేడి రాత్రికి రాత్రే పైకి పోతుంది. బరువైన చల్లగాలి లోయల్లోకి దిగి అక్కడే నిలుస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడటం ఇక్కడివారికి వింతేం కాదు.

మట్టి గోడే మేలు

ఈ కొండలు జయపురం సంస్థానంలో, మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేవి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అటు కలిశాయి. వ్యాపారాలకని అప్పట్లో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు కొందరైతే, సునాబెడలో హాల్, దమన్‌జొడిలో నాల్కో వచ్చాక ఉద్యోగాలకు వచ్చినవాళ్లు మరికొందరు.

పాత పెంకుటిళ్లకు గోడలు మందం. పగటి ఎండను పీల్చుకుని రాత్రికి మెల్లగా వదులుతాయి. పెంకు కింద అటక ఉంటే చలి నేరుగా గదిలోకి దిగదు. ఇప్పుడు సిమెంటు రేకులు, ఇనుప రేకులు వచ్చాయి. రేకు పలచన. లోపలి వేడి ఇట్టే పోతుంది. తెల్లారేసరికి రేకు అడుగున చెమ్మ పట్టి చుక్కలు చుక్కలుగా మంచం మీద పడుతుంది. రేకు కింద వెదురు తడక పరిస్తే చాలా వరకు ఉపశమనం. ఎండ ఉన్నంతసేపు కిటికీలు తెరిచి, పొద్దు వాలకముందే మూసేయాలి. తలుపు కింద సందుకు పాతగుడ్డ చుట్టి అడ్డం పెట్టాలి. పైన కప్పుకొనేదే కాదు, కింద పరిచేదీ ముఖ్యమే. నేల మీద చాప, చాప మీద పాత చీరలతో కుట్టిన బొంత వేస్తే ఒంట్లో వేడి నేలపాలు కాదు.

కుంపటితోనే ముప్పు

అసలు ప్రమాదం చలితో కన్నా చలి కాచుకోవడంతోనే. రాత్రి తలుపులన్నీ బిగించి, మంచం పక్కన నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. పొగ రావడం లేదు కదా అన్న ధీమా! బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి మెలకువ కూడా రాకుండానే ప్రాణం పోవచ్చు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మత్తు.. ఇవి లక్షణాలు. కుంపటి ఉన్న గదిలో ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి వస్తే అనుమానించాల్సిందే. వెంటనే తలుపులు బార్లా తెరిచి అందరినీ బయటికి తేవాలి. 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టడమే చికిత్స. గాలి ఆడని స్నానాల గదిలో పెట్టిన గ్యాస్ గీజరుతోనూ ఇదే ముప్పు.

కుంపటి పెట్టుకోవాలనుకుంటే పడుకోకముందు, కిటికీ తెరిచి పెట్టుకోవాలి. పడుకునే ముందు బయట పెట్టేయాలి. నీళ్లు చల్లి ఆర్పాలి. బూడిద కప్పిన నిప్పు ఆరినట్టు కాదు.

హీటరుకూ లెక్కుంది

2 వేల వాట్ల రూమ్ హీటరు గంట నడిస్తే 2 యూనిట్లు. రాత్రంతా 8 గంటలు ఆగకుండా నడిస్తే 16. పడుకునే ముందు అరగంట వేసి ఆపేస్తే ఒక్క యూనిట్‌తో సరి. చిన్న ప్లగ్గుకు, ఎక్స్‌టెన్షన్ వైరుకు తగిలించరాదు. దుప్పట్లు, కర్టెన్లు దగ్గరలో ఉండకూడదు. నీళ్లలో రాడ్ పెట్టినప్పుడు ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి.

పెద్దలు, పసిబిడ్డలు జాగ్రత్త

చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు తెల్లవారుజాము నడక మాని, ఎండ వచ్చాక వెళ్లడం మంచిది. పసిపిల్లల తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు తప్పనిసరి. తల్లి ఒడి వెచ్చదనాన్ని మించిన హీటరు లేదు. వేడినీళ్ల సంచి పెడితే గుడ్డ చుట్టాలి. మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది భ్రమ. చర్మానికి రక్తం పారి, ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది. దానికన్నా వేడివేడి చోడి అంబలి, మిరియాల చారు, అల్లం టీ నయం.

భోగి మంటను మనవాళ్లు వాకిట్లోనే వేస్తారు. నిప్పుకు తగిన చోటు అదే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. అప్పటిదాకా పడకగదిలో ఒక్క కిటికీ కాస్త తెరిచి ఉంచితే చాలు.. ఇల్లంతా చల్లగా ఉంటుంది.