జెండా కింది నుంచే ఎందుకు ఎక్కాలి?

ఆగస్టు 15 అనగానే మా బడి పిల్లలకు గుర్తొచ్చేవి ఇస్త్రీ యూనిఫాం, జేబుకు గుచ్చుకునే చిన్న జెండా, చివర్లో లడ్డు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ రోజు మనం అలవాటుగా చేసే పనుల వెనుక ఉన్న అర్థం కూడా వాళ్లకు చెప్పాలి.

జెండా సంగతే చూడండి. జనవరి 26న దాన్ని ముందే కర్ర పైకొసకు కట్టి ఉంచి, తాడు లాగి విప్పుతారు. ఆగస్టు 15న మాత్రం కింది నుంచి పైకి ఎగురవేయాలి. 1947లో బ్రిటిష్ జెండా దిగి మన జెండా ఎక్కినదానికి అది గుర్తు. చాలా బడుల్లో రెండు పండుగలకూ పూలు చుట్టి పైనే కట్టేస్తున్నారు. పూలు రాలితే చూడముచ్చటగానే ఉంటుంది గాని, పిల్లలు చూడవలసిన అసలు ఘట్టం పోతుంది.

1947 ఆగస్టు 15 శుక్రవారం, రంజాన్ నెలలో చివరి జుమా. మన పెద్దలు ఆ రోజును ఉపవాసంతో చూశారు. అయితే తెలుగువాళ్లందరికీ అది ఒకేలా రాలేదు. మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాలకు ఆ రోజే స్వాతంత్ర్యం. నిజాం ఏలుబడిలోని తెలంగాణ జిల్లాలు భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులో.

ప్రసంగం చివర అందరం "జైహింద్" అంటాం. ఆ మాట ఎవరిదని పదో తరగతిలో అడగండి, సుభాష్ చంద్రబోస్ అంటారు. బోస్ దాన్ని దేశం నినాదం చేశారు. సూచించిన వ్యక్తిగా చెప్పుకొనేది మాత్రం హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్‌ను. జర్మనీలో ఇంజనీరింగు చదువు వదిలి బోస్ వెంట నడిచారాయన. 1943లో దాదాపు మూడు నెలల జలాంతర్గామి ప్రయాణంలో బోస్ పక్కన ఉన్న ఏకైక భారతీయుడు ఆయనే. కాషాయ రంగును గుర్తుచేసే "సఫ్రానీ" అనే మాటను తన పేరుకు చేర్చుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశ రాయబారిగా పనిచేశారు. "ఇంక్విలాబ్ జిందాబాద్" నినాదం మౌలానా హస్రత్ మోహానీది, "క్విట్ ఇండియా" యూసుఫ్ మెహర్ అలీది. రోజూ అసెంబ్లీలో చెప్పే ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది నల్లగొండ జిల్లా.

ఎవరికో రుజువు చూపించుకోవడానికి మన పిల్లలు ఈ పేర్లు నేర్వనక్కర్లేదు. ఇంట్లో తాతల పేర్లు తెలిసినట్టు తెలిస్తే చాలు.

దాతలకు ఒక విన్నపం. ముఖ్య అతిథిగా వచ్చినప్పుడు ప్రసంగం పది నిమిషాలు దాటకపోతే, ఎండలో నిలబడ్డ ఒకటో తరగతి పిల్లలు మిమ్మల్ని దీవిస్తారు. ఇక మీరు పంచే నోటు పుస్తకాల అట్ట వెనుక ఎక్కాలు ఉంటాయి, లోపలివైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ ఈ నాలుగు పేర్లు, ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు అచ్చువేయించండి. రాసిచ్చే పని టీచర్లం మేము చూసుకుంటాం.