పట్టు షెడ్డులో ఫోను: వీడియో ఏం అమ్మిపెడుతుంది, ఏం అమ్మదు



గూళ్ళ వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే మార్కెట్టులో రేటు పెరుగుతుందా అని చాలామందికి ఒక ఆశ ఉంది. ముందే చెప్పేస్తాం, పెరగదు. ధర్మపురిలో గానీ రామనగరంలో గానీ రీలరు మీ వీడియో చూసి పాట పాడడు. గూడు చేతిలోకి తీసుకుని నొక్కి చూస్తాడు, చెవి దగ్గర ఊపుతాడు, లాటులో డబుల్ గూళ్ళు ఎన్ని, మరక గూళ్ళు ఎన్ని అని కెలికి చూస్తాడు. అక్కడ మాట్లాడేది గూడే. గూళ్ళు మాత్రమే అమ్ముకునే రైతు వీడియోల కోసం టైము దండగ చేసుకోనక్కర్లేదు, ఆ టైము ఆకు మీద పెడితే మేలు.

మరి వీడియో ఎవరికి పనికొస్తుంది? కొనేవాడు ముందుగా చేత్తో పట్టుకుని చూడలేని సరుకును ఇంటి నుంచే అమ్మేవాళ్ళకి. మన పనిలో అలాంటివి ముఖ్యంగా మూడు ఉన్నాయి. చాకీ, మల్బరీ మొక్కలు, పనికిరాని గూళ్ళతో ఆడవాళ్ళు చేసే దండలూ పువ్వులూ.

చాకీ సంగతి చూడండి. రెండో జ్వరం లేచిన పురుగులు ఇంటికి తెచ్చుకున్న రైతు, అక్కణ్ణించి రెండున్నర వారాల కూలీ, తోటలో ఆకు మొత్తం వాటి మీద పందెం కాస్తాడు. అవి ఏ షెడ్డులో పెరిగాయో, ఎంత శుభ్రంగా పెరిగాయో అతను చూడలేదు. మూడో నాలుగో రోజున పాలరోగం కనపడితే తప్పు చాకీదా, తన షెడ్డుదా అని తేల్చుకోవడం కూడా కష్టం. ఆ భయాన్ని తగ్గించేదే మంచి చాకీ వీడియో. పాటలూ, తిరిగే అక్షరాలూ ఏమీ వద్దు. నాలుగు ముక్కలు తీస్తే చాలు. గుడ్లు రాకముందు ఖాళీ షెడ్డు కడిగి మందు కొడుతున్నది ఒకటి. పురుగులు పొదిగిన రోజుది ఒకటి, ఒకేసారి పొదిగాయా లేదా అన్నది తెలిసినవాడికి ఒక్క చూపులో తెలుస్తుంది. ఆకు సన్నగా తరిగి వేస్తున్నది ఒకటి. చివరగా రెండో జ్వరం లేచిన ట్రే. ఆ ట్రేను దగ్గరగా, నిదానంగా చూపించండి. కొన్ని లేచి కొన్ని ఇంకా పడుకుని ఉంటే అదీ కనపడనివ్వండి. దాచిపెట్టి అమ్మితే మీ దగ్గర ఒకసారే కొంటారు.

ప్రతి ముక్కలోనూ తేదీ, ఊరి పేరు, మీ పేరు నోటితో చెప్పండి. వాట్సాప్‌లో వీడియో పది గ్రూపులు తిరిగాక ఎవరు పంపారో ఎవరికీ తెలియదు. మీరు కార్తీకంలో తీసిన వీడియో ఎండాకాలంలో ఎవరికో చేరి, "చాకీ ఉందా అన్నా" అని ఫోన్ వస్తుంది. "ఈ రోజు ఫలానా తేదీ, ఫలానా ఊరు, వచ్చే మంగళవారం పురుగులు ఇస్తాం, ఇంకా మూడు వందల గుడ్ల చాకీ మిగిలుంది" అని చెబితే ఆ గొడవ ఉండదు. కేంద్ర పట్టు మండలి 2010 విత్తన నిబంధనల ప్రకారం చాకీ కేంద్రాలు రిజిస్టర్ చేయించుకోవాలి. మీకు ఆ రిజిస్ట్రేషన్ ఉంటే కాగితాన్ని కూడా రెండు సెకన్లు చూపించండి. ఎంత బాగా మాట్లాడినా ఆ కాగితానికి ఉన్న విలువ మాటలకు రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫోను బజారుకు వెళ్తుంది, పక్కవాళ్ళ షెడ్డుకు వెళ్తుంది, మార్కెట్టులో గూళ్ళు కెలికిన చేతిలోనే ఉంటుంది. కాళ్ళు సున్నంలో తొక్కి, చేతులు కడుక్కుని లోపలికి పోయే మనిషి ఫోనును మాత్రం అలాగే తీసుకుపోతే ఏం లాభం? కవరు తీసేసి, శానిటైజరు తడిపిన గుడ్డతో తుడిచి తీసుకెళ్ళండి. వీడియో తీయడానికి బయటి కుర్రాణ్ణి షెడ్డులోకి పిలవకండి, రోజూ ఆకు వేసే మనిషే తీయాలి. టార్చీ, రింగ్ లైటు వద్దు, పురుగులకు మసక వెలుతురే హాయి. జ్వరంలో పడుకున్నప్పుడు ట్రేలు కదపకండి. ఒక్క వీడియో కోసం పంట పాడు చేసుకుంటే ఏ లైకులూ ఆ నష్టం తీర్చవు.

షెడ్డులో సహజంగా ఉన్న చప్పుడును మాత్రం వదులుకోకండి. ఐదో దశలో పురుగులు ఆకు తింటుంటే రేకుల మీద సన్నగా వాన పడ్డట్టు ఉంటుంది కదా. పట్నంలో వాళ్ళు ఆ చప్పుడు ఎప్పుడూ విని ఉండరు. దాని మీద సినిమా పాట పెట్టి ముంచేస్తున్నారు చాలామంది. పాట పెడితే యూట్యూబ్‌లో హక్కుల గొడవ కూడా వస్తుంది. నేత్రికల మీద పండిన పురుగు తల అటూ ఇటూ తిప్పుతూ దారం చుట్టుకోవడం కూడా అంతే. బైవోల్టిన్ గూటిలో ఒకే పోగు వెయ్యి మీటర్ల దాకా ఉంటుందని చెప్పి అది చూపించండి, దండలు కొనేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

మొక్కలు అమ్మేవాళ్ళు ఆకులు చూపిస్తారు, వేర్లు చూపించరు. వి-1 ఆకు ఎవరి దగ్గరైనా నిగనిగలాడుతూనే ఉంటుంది. వేరుబుడిపెల నులిపురుగు మొక్కతో పాటు కొత్త తోటకు చేరితే దాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకు తెలుసు. అందుకని నాలుగు మొక్కలు అక్కడక్కడా పీకి, వేర్లు నీళ్ళలో కడిగి, కెమెరా ముందు పెట్టండి. కొనేవాళ్ళకూ మా మాట అదే, వేరు చూపించమని అడగండి.

ఇక భాష. మదురైలో విశ్వనాథ నాయకుడి కాలం, అంటే 1529 నుంచీ లెక్క వేసుకున్నా, మన ఇళ్ళలో తెలుగు దాదాపు అయిదు వందల ఏళ్ళుగా నోటితోనే బతికింది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మాట్లాడటం వచ్చి, అక్షరం రాని పిల్లలు మన ఇళ్ళలో ఎక్కువే. ఈ ఉత్తరాన్ని కూడా చాలా ఇళ్ళలో ఒకరు చదివితే మిగతావాళ్ళు వింటున్నారు. వీడియోకు ఆ అడ్డంకి లేదు. "మా తెలుగు వింటే హిందూపురం వాళ్ళు నవ్వుతారు" అని కొందరు సిగ్గుపడతారు. నవ్వితే నవ్వనివ్వండి, మాట గుర్తుంటుంది.

అయితే ఎవరికి ఏ భాష అన్నది ఆలోచించాలి. చాకీ ఎక్కువ దూరం పోదు, కొనేది పక్క ఊరి రైతే, కాబట్టి దానికి తమిళంలో ఒకటి, మన భాషలో ఒకటి తీయండి. దండలూ పువ్వులూ పార్శిల్‌లో మదనపల్లె, పలమనేరు దాకా పోగలవు, వాటికి తెలుగు ఉండాలి. మాటలు మాత్రం చూసుకోండి. మనవాళ్ళు తమిళం అలవాటుకొద్దీ "పట్టుకూడు" అంటే అవతల అన్నం గురించి మాట్లాడుతున్నారనుకుంటారు! వాళ్ళకు అది పట్టుగూడు. మనం "తోలు ఉరిప్పు" అనేదాన్ని వాళ్ళు జ్వరం అంటారు.

కెమెరా మనవాళ్ళకు కొత్త కాదులెండి. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు 1936లో లండన్‌లో ఐదవ జార్జి అంతిమయాత్రను తన కెమెరాతో తీసుకొచ్చారు. పక్షిరాజా స్టూడియో నడిపిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు గారు 1954లో ఒకే కథను తమిళంలో 'మలైక్కళ్ళన్'గా, తెలుగులో 'అగ్గిరాముడు'గా తీశారు. మనం తీయాల్సింది ఒక నిమిషం.

దండలూ పువ్వులూ చేసే అక్కచెల్లెళ్ళు, చీరలు అమ్మే వాట్సాప్ గ్రూపులను కాస్త గమనించండి. బాగా అమ్మేవాళ్ళు చీరను పగటి వెలుతురులో విప్పి, కొంగు చూపించి, పొరపాటు ఉంటే వేలు పెట్టి చూపించి, ధర చెప్పేస్తారు. "ధర ఇన్‌బాక్స్‌లో" అనేవాళ్ళను సగం మంది వదిలేసి పోతారు. దండ పొడవు తెలియడానికి మెడలోనో ఫోటో ఫ్రేముకో వేసి చూపించండి, పువ్వును అరచేతిలో పెట్టండి. రంగు వేసిన గూళ్ళైతే తడిస్తే రంగు దిగుతుందా లేదా అన్నది ముందే చెప్పండి. పార్శిల్ కట్టడం కూడా ఒకసారి తీయండి. గూడు నలిగితే మళ్ళీ సరికాదు కాబట్టి కొనేవాళ్ళకు ఆ అనుమానం ఉంటుంది.

మొదలుపెట్టడానికి కొత్త ఫోను అక్కర్లేదు. లెన్సు తుడిచి, రెండు చేతులతో పట్టుకుని, వెలుతురు మీ వెనక నుంచి పడేలా నిలబడండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగు ఉంటుంది, ధరలు అందులో పెడితే ప్రతి ఫోనుకూ అదే మాట చెప్పే పని తప్పుతుంది. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, కాబట్టి వీడియోను గ్యాలరీలో ఉంచుకుని, అడిగినవాళ్ళకు విడిగా పంపండి. చాకీ అయిపోయిన రోజే "అయిపోయింది, తర్వాతి బ్యాచ్ ఫలానా తేదీ" అని ఇంకో చిన్న వీడియో పెట్టండి. ఆ తేదీకి రైతు తన షెడ్డు కడుక్కుని, తోటలో ఆకు సరిచూసుకుని సిద్ధంగా ఉంటాడు.