వరిలో ఎర్ర గింజ: జన్యు కారణాలు - విత్తనోత్పత్తిలో ప్రాధాన్యం

సాగు వరికి పూర్వీకమైన అడవి వరి, ఒరైజా రూఫిపోగాన్, బియ్యం ఎరుపు రంగులో ఉంటుంది. నేడు సాగులో ఉన్న రకాలలో అత్యధికం తెల్ల బియ్యాన్నిస్తాయి. ఈ మార్పు కేవలం రంగుకు పరిమితం కాలేదు. విత్తన నిద్రావస్థపై దాని ప్రభావాన్ని, రంగు వంశపారంపర్యంగా సంక్రమించే తీరును గ్రహించినప్పుడే విత్తన క్షేత్రాలలో ఎర్ర గింజల కల్తీని సమర్థంగా నివారించడం సాధ్యమవుతుంది.

రంగును నిర్ణయించే జన్యువులు

బియ్యపు గింజ పైపొరలో, అనగా ఫలకవచంలో, ప్రోయాంథోసయనిడిన్లు చేరడం వలన ఎరుపు రంగు ఏర్పడుతుంది. ఇందుకు రెండు జన్యువులు ప్రధానం. 7వ క్రోమోజోముపై గల ఆర్‌సి జన్యువు వర్ణక తయారీని ప్రేరేపించే నియంత్రక ప్రోటీనును ఇస్తుంది. 1వ క్రోమోజోముపై గల ఆర్‌డి జన్యువు ఆ తయారీలో పాల్గొనే ఒక ఎంజైమును ఇస్తుంది. రెండూ పనిచేస్తే గింజ ఎరుపు; ఆర్‌సి మాత్రమే పనిచేస్తే గోధుమ రంగు; ఆర్‌సి పనిచేయకుంటే, ఆర్‌డి ఉన్నప్పటికీ, తెలుపు.

తెల్ల రకాలలో అధిక శాతం ఆర్‌సి జన్యువులో 14 బేస్ జతలు లోపించి ఉన్నాయని 2006లో కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు స్వీనీ, మెకౌచ్ బృందం పరిశోధనలు వెల్లడించాయి. జన్యు సంకేతం మూడేసి బేసులుగా చదవబడుతుంది. 14 మూడుతో భాగింపబడదు గనుక లోపం తరువాతి సంకేతమంతా తారుమారై, ప్రోటీను అసంపూర్ణంగా మిగులుతుంది.

రంగు - నిద్రావస్థ

కలుపు వరిపై 2011లో వెలువడిన పరిశోధనలో ఇదే జన్యువు అబ్‌సిసిక్ ఆమ్లం ఉత్పత్తిని పెంచి నిద్రావస్థను కలిగిస్తుందని తేలింది. అందువలన ఎర్ర గింజలు నేలలో మొలకెత్తక నిలిచి, తరువాతి పంటలో కేళీలుగా బయటపడతాయి. తెల్ల గింజను ఎంచుకున్న మానవుడు, తెలియకుండానే, త్వరగా మొలిచే గుణాన్ని కూడా ఎంచుకున్నాడు. కోత సమయంలో వర్షాలకు కంకిలోనే మొలకెత్తే సమస్యకు ఇది ఒక కారణం. అయితే నిద్రావస్థకు ఎస్‌డిఆర్4 వంటి ఇతర జన్యువులు కూడా ఉన్నందున, తెల్ల బియ్యపు రకాలలోనూ ఆ గుణాన్ని పొందుపరచవచ్చు.

ఒక తరం ఆలస్యంగా కనిపించే కల్తీ

ఫలకవచం తల్లి మొక్క కణజాలం. తెల్ల రకపు పూవుపై ఎర్ర వరి పుప్పొడి పడి ఏర్పడిన గింజ కూడా తెల్లగానే ఉంటుంది. ఎరుపు బహిర్గత లక్షణమైనందున, ఆ గింజను విత్తగా పెరిగిన మొక్కకు కాచిన గింజలన్నీ ఎర్రగా ఉంటాయి. వాటి నుండి వచ్చిన మొక్కలలో ఎర్ర గింజల మొక్కలు, తెల్ల గింజల మొక్కలు 3:1 నిష్పత్తిలో విడిపోతాయి. కావున తెల్లని గింజ జన్యు స్వచ్ఛతకు నిదర్శనం కాదు.

ఆచరణలో గమనించవలసినవి

• ఊక రంగును బట్టి బియ్యపు రంగు తెలియదు. నమూనాను పొట్టు తీసి, పాలిష్ చేయకుండా పరీక్షించాలి.

• ఎత్తు, మీసాలు, గింజ రాలే స్వభావంలో తేడా చూపే కేళీలను పూతకు ముందు నుండి కోత వరకు పలుమార్లు ఏరివేయాలి. పూత తరువాత మాత్రమే ఏరివేస్తే పుప్పొడి అప్పటికే వ్యాపించి ఉంటుంది.

• గత పంటలో ఎర్ర వరి కనిపించిన పొలాన్ని విత్తనోత్పత్తికి ఎంపిక చేయరాదు. నిద్రావస్థలోని గింజలు ఒకేసారి మొలవవు గనుక, ఒక్కసారి మొలకెత్తించి దున్నినంత మాత్రాన నేల శుభ్రపడదు.