కంపెనీ చేతులు మారినప్పుడు

అమెరికాలో పనిచేయుచున్న అబ్బాయి ఆదివారమునాడు ఫోను చేసి, “నాన్నగారూ, మా కంపెనీని వేరొకరు కొన్నారండీ” అని చెప్పినచో, అది శుభవార్తయో కాదో ఇక్కడి వారికి వెంటనే బోధపడదు. పొలము అమ్మినప్పుడు పాలేరు సంగతి ఏమగునో మన పెద్దలెరుగుదురు. కాని ప్రోగ్రాములు వ్రాయు కంపెనీలో ఆస్తి యనదగినది చాలవరకు ఆ వ్రాయువారి బుద్ధియే కదా! అట్టివారిని కొన్నవారేల పంపివేయుదురు?

కారణము సులభమైనదే. జీతముల లెక్క చూచువారు, ప్రోగ్రాములను పరీక్షించువారు కొన్న కంపెనీకి ఇదివరకే ఉందురు. ఒకే పనిచేయు సాఫ్ట్‌వేరు ఇరువురికిని ఉన్నచో ఒకటి నిలుచును, రెండవది మూతపడును. పైగా, ఖర్చు తగ్గించెదమని వాటాదారులకు ముందుగనే మాట ఇచ్చియుందురు. కనుక చక్కగా పనిచేయువాడు గూడ, తన చేతిలోని సాఫ్ట్‌వేరు మూతపడుటచేత ఉద్యోగము కోల్పోవచ్చును. ఈ సంగతి గ్రహింపక, లోపము తనయందే ఉన్నదని క్రుంగిపోవువారు పెక్కుమంది.

జావా అను ప్రోగ్రామింగు భాషను రూపొందించిన జేమ్స్ గాస్లింగ్ 1984 మొదలు సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో ఉండెను. దానిని సుమారు 740 కోట్ల డాలర్లకు కొనుటకు ఒరాకిల్ 2009 ఏప్రిల్‌లో ఒప్పందము చేసికొని, 2010 జనవరిలో స్వాధీనపరచుకొన్నది. ఏప్రిల్‌లో గాస్లింగ్ తానుగా రాజీనామా చేసెను. 2011 మార్చిలో గూగుల్‌లో చేరి, కొద్ది నెలలకే విడిచి, సముద్రపు అలల శక్తితో సాగు యంత్రములను చేయు లిక్విడ్ రోబోటిక్స్‌లో కుదురుకొనెను. అంతటివానికే ఏడాదికి పైగా పట్టినది.

మన హైదరాబాదు 2009వ సంవత్సరమును మరువలేదు. జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలలోని మోసము బయటపడినది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని గెలుచుకొన్నది. పనిలేక మిగిలిన వేలాది ఉద్యోగులను ‘వర్చువల్ పూల్’ అను పట్టికలో చేర్చి, తగ్గించిన జీతముతో కొన్ని నెలలు ఇంటివద్ద ఉంచినారు. జీతము పూర్తిగా ఆగలేదని సంతోషించవలెనో, పిలుపు వచ్చునో రాదో అని దిగులుపడవలెనో తెలియని స్థితి అది.

అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఇంత వ్యవధి లేదు. కంపెనీ అమ్ముడుపోయినంత మాత్రమున వీసా చెడదు. పాతవారి బాధ్యతలను కొన్నవారు స్వీకరించినచో క్రొత్త పిటిషను అక్కరలేదు. ఉద్యోగమే పోయినచో, 2017 నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము అరువది దినముల గడువు లభించును. ఆ దేశములో ఉండుటకిచ్చిన అనుమతి అంతకు ముందే ముగియునెడల గడువును అప్పటికే ముగియును. లెక్క సాధారణముగా జీతము చెల్లిన చివరి దినము మరునాటినుండి మొదలగును. పరిహారముగా ఒక్కసారి ముట్టిన సొమ్ము గడువును పెంచదు. ఈ ఒక్క విషయమున పొరబడువారు కలరు. ఆ లోపల క్రొత్త యజమాని పిటిషను దాఖలైన చాలును, తీర్పు వచ్చుదాక ఆగక పనిలో చేరవచ్చును. అట్లు కుదరనిచో, హెచ్-1బిపై ఉన్న భార్యయో భర్తయో కలవారు వారి ఆశ్రితులుగా మారుటకు దరఖాస్తు చేసికొనవచ్చును. అదియును గడువులోపలనే.

అరువది దినములనగా ఎంత? పెద్ద కంపెనీలలో ఒక్క ఉద్యోగమునకే నాలుగైదు ఇంటర్వ్యూలుండును. వాటి మధ్య వారములు గడచును. ఇంటి అద్దె ఒప్పందము, పిల్లల బడి, కారు అప్పు వేచియుండవు.

అందుచేత అమ్మకపు వార్త వినిన నాడే చేయదగిన పనులున్నవి. కంపెనీ కంప్యూటరు ఒక్క గంటలో మూతపడవచ్చును. జీతపు చీటీలు, వీసా కాగితములు, నియామకపు ఉత్తరువు అంతకు ముందే ఇంటికి చేర్చుకొనవలెను. వ్రాసిన ప్రోగ్రాము మాత్రము కంపెనీ సొత్తు. దానిని వెంట తెచ్చుకొనుట నేరము. ఏ చిక్కును ఎట్లు విప్పితిమో మాటలలో చెప్పుట నేర్వవలసియున్నది. పాత కంపెనీ పేరే మాయమగును గనుక, అనుభవమునకు సాక్ష్యము చెప్పగల పై అధికారుల సొంత చిరునామాలు కూడ అవసరము. వింత యేమనగా, ఒక్కసారిగా చెదరిన సహోద్యోగులు నాలుగు నెలలలో పది కంపెనీలలో తేలుదురు. ఖాళీల కబురు ప్రకటనకంటె ముందు వారివలననే అందుచుండును.

గడువు దాటకముందే స్వదేశము చేరి, తీరికగా మరల వెళ్లవచ్చునని వెనుకటివారు తలచెడివారు. అమెరికా వెలుపలనున్నవారికై వేయు క్రొత్త హెచ్-1బి పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము విధించుచు 2025 సెప్టెంబరులో అధ్యక్షుని ప్రకటన వెలువడిన పిదప, ఆ దారిని నమ్మి విమానమెక్కువారు ముందుగా న్యాయవాదిని అడిగి తెలిసికొనుచున్నారు.