కారు కౌలుకా, కొనుగోలుకా?



కౌలు అంటే ఏమిటో మన పల్లెలలో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. చేను ఒకరిది, చెమట మరొకరిది. కౌలుకు తీసుకొన్నవాడు ఆ చేనిలో వరి ఊడుస్తాడు, మినుము చల్లుతాడు గాని మామిడి మొక్క నాటడు, బోరు వేయించడు. గడువు తీరగానే గట్టు దిగి వచ్చేయవలసినదే గనుక. అయినా కౌలు తప్పు కాదు. కొనలేనివానికి అది బ్రతుకుతెరువు. ఎవరికి కౌలు మేలో, ఎవరికి కొనుగోలు మేలో తెలిసికొనుటలోనే తెలివి ఉన్నది.

ఇప్పుడు ఈ మాట కార్ల వరకు వచ్చినది. పట్టణాలలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు "లీజు" అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే అది కారు కౌలే. 2025 ఫిబ్రవరిలో మేము గృహ దర్శనమునకు వెళ్ళిన ఒక ఇంట ఈ విషయము మీద తండ్రీ కొడుకులు మాట్లాడుకొనుట మానివేసి అప్పటికి పది రోజులైనది. ఆ ఇంటివారి అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాము. పేర్లు, ఊరు వ్రాయుట లేదు.

ఇంటిలో వచ్చిన తగవు

తండ్రి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. తెనాలి ప్రాంతపు పల్లెలో ఉంటారు. ఊరంతా ఆయనను మాస్టారనే పిలుస్తారు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. భార్య, మూడేళ్ళ బాబు ఉన్నారు. తల్లికి మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్లు ఎక్కలేదు. నెలకు రెండుమార్లయినా తల్లిదండ్రుల యొద్దకు రావాలనీ, అమ్మను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలనీ కుమారుడు కారు తలపెట్టాడు. చిన్నది కాదు. వెనుక డిక్కీ విడిగా ఉండే మధ్యతరహా సెడాన్. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా వంటి బండి అన్నమాట.

అతడు లీజుకు తీసుకొందామన్నాడు. ముందుగా లక్షలు పెట్టనక్కరలేదు, బీమా, సర్వీసు అన్నీ వాళ్ళే చూసుకొంటారు అని అతని వాదన. మాస్టారికి ఆ మాట గిట్టలేదు. "అద్దె బండిలో వచ్చి వాకిట్లో దిగితే ఊరివాళ్ళు ఏమంటారు? నేను బ్రతికి ఉండగా నా కొడుకు అద్దె బండి ఎక్కుతాడా? అప్పు కూడా చేయవద్దు. అర ఎకరము మాగాణి అమ్మి నేనిస్తాను" అన్నారు. కుమారుడు ఒప్పుకొనలేదు. మాట మీద మాట పెరిగినది.

మేము వెళ్ళినప్పుడు కుమారుడు, కోడలు కూడా ఊరిలోనే ఉన్నారు. కాఫీ ఇచ్చి, ఆ తల్లి మెల్లగా, "అయ్యగారూ, వీళ్ళిద్దరి చేత ఒక కాగితము మీద లెక్క వ్రాయించండి. నోటితో చెప్పే లెక్క తెగదు" అన్నది. గోపురము కట్టదలచినవాని ఉపమానము ఆమె ఎన్ని మారులు విన్నదో! బాబు పలకకు ప్రక్కన ఉన్న నోటుపుస్తకము తెప్పించి అందరమూ చాప మీద కూర్చున్నాము.

కాగితము మీద వ్రాసిన లెక్క

వారు చూసిన కారు షోరూము ధర 12 లక్షలు. జీవితకాలపు పన్ను, బీమా, రిజిస్ట్రేషను కలిపి మరి రెండున్నర లక్షలు. అనగా రోడ్డు మీదకు వచ్చేసరికి పద్నాలుగున్నర లక్షలు. షోరూము ధరను చూసి సంతోషపడేవారు ఈ రెండవ అంకెను మరువకూడదు.

కొనుగోలు అయితే: చేతి నుండి నాలుగున్నర లక్షలు, బ్యాంకు అప్పు 10 లక్షలు. వడ్డీ ఏడాదికి 9 శాతము, అనగా మన పల్లె లెక్కలో ముప్పావలా వడ్డీ. అయిదేళ్ళకు నెలసరి వాయిదా 20,758 రూపాయలు. అయిదేళ్ళలో కట్టేది సుమారు 12 లక్షల 45 వేలు. చేతి సొమ్ముతో కలిపి 16 లక్షల 95 వేలు. తరువాతి సంవత్సరాల బీమా, సర్వీసు ఖర్చులకు లక్షన్నర వేసుకొన్నాము. మొత్తము 18 లక్షల 45 వేలు.

లీజు అయితే: వారికి చెప్పిన అద్దె నెలకు 30,000 రూపాయలు, అయిదేళ్ళు. బీమా, సర్వీసు అందులోనే. మొత్తము 18 లక్షలు.

కుమారుని ముఖము వెలిగినది. "చూశారా నాన్నా, రెండూ ఒకటే. పైగా నాకు ముందు పెట్టుబడి లేదు" అన్నాడు.

అప్పుడు మా ఇంటివారు ఒక ప్రశ్న అడిగారు: "బాబూ, అయిదేళ్ళు గడిచిన మరునాడు ఉదయము వాకిట్లో ఏముంటుంది?"

అందరూ కొంచెము సేపు ఊరకుండిరి. లీజు అయితే వాకిలి ఖాళీ. కొనుగోలు అయితే అప్పు తీరిన కారు ఉంటుంది. దాని విలువ ఎంత? బీమా కంపెనీలు వాడే పట్టికలో కారు విలువ మొదటి ఆరు నెలలలో 5 శాతము, ఏడాదికి 15, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, అయిదేళ్ళకు 50 శాతము తగ్గుతుంది. అమ్మబోతే వచ్చే ధర బండి తీరును బట్టి ఎక్కువ తక్కువలు ఉండవచ్చు గాని ఈ పట్టిక ప్రకారము 12 లక్షల కారుకు 6 లక్షల విలువ మిగులుతుంది. ముందుగా పెట్టని నాలుగున్నర లక్షలు బ్యాంకులో ఉంటే వడ్డీ వచ్చే మాట నిజమే. అయినా అది ఆరు లక్షలకు సాటి రాదు.

కిలోమీటర్ల హద్దు

లీజు కాగితము తెచ్చి కోడలు చదివినది. అందులో చిన్న అక్షరాలలో, ఏడాదికి 15,000 కిలోమీటర్లు హద్దు, దాటితే కిలోమీటరుకు 8 రూపాయలు అని ఉన్నది. హైదరాబాదు నుండి ఊరికి రానుపోను 600 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు అంటే ఏడాదికి 14,400. ఆఫీసుకు తిరిగేది మరో 5,000. మొత్తము 19,400. హద్దు దాటేది 4,400 కిలోమీటర్లు. ఏడాదికి 35,200 రూపాయలు, అయిదేళ్ళకు లక్షా డెబ్భై ఆరు వేలు! అమ్మను చూడ వచ్చే ప్రతి ప్రయాణమూ మీటరు చూసుకొంటూ రావలసి వచ్చేది.

లీజు తీసుకొనేవారు మరికొన్ని సంగతులు అడిగి వ్రాయించుకొనవలెను. చెప్పిన అద్దె జి.ఎస్.టి. కలిపియా, విడిగానా? గడువుకు ముందే తిరిగి ఇస్తే ఎంత కట్టాలి? తిరిగి ఇచ్చేటప్పుడు గీతలకు, సొట్టలకు ఎంత పట్టుకొంటారు? చివరికి మనమే కొనుక్కొనే వీలున్నదా, ఉంటే ఏ ధరకు? బండి ఎవరి పేరున రిజిస్టరు అవుతుంది? కొన్ని అద్దె కార్లకు నల్లని పలక మీద పసుపు అక్షరాల నంబరు ఉంటుంది, కొన్నింటికి మామూలు తెల్ల పలకే ఉంటుంది. ఇది ముందే తెలిసికొంటే తరువాత ఇంటిలో చిన్నబుచ్చుకొనుటలు ఉండవు.

లీజు ఎవరికి మేలు?

లీజు అంటేనే మోసమని మేము చెప్పుట లేదు. మా సంఘములోని ఒక కుటుంబపు అమ్మాయి, అల్లుడు చెన్నైలో ఉంటారు. అతనికి మూడేళ్ళకొకసారి బదిలీ. కంపెనీయే కారు లీజుకు తీసి, అద్దెను జీతములో నుండి పన్ను లెక్కకు ముందే కోసుకొన్నది. ఆ విధముగా పన్ను కొంత మిగిలినది. మూడేళ్ళు వాడి, తాళాలు ఇచ్చి, వేరే రాష్ట్రమునకు వెళ్ళిపోయారు. అమ్మకపు బేరము లేదు, రిజిస్ట్రేషను మార్పిడి బాధ లేదు. వారికి అదే మేలైనది.

అయితే ఇటువంటి కంపెనీ లీజులో ఉద్యోగము మానినా, పోయినా ఆ బరువు మన మీదకు వస్తుంది. ఆ రోజున ఎంత కట్టాలో ముందే వ్రాయించుకొనవలెను. పన్ను ఎంత మిగులుతుందో కూడా జీతాల విభాగము వారి చేత అంకెలలో చెప్పించుకొనవలెను. "బాగా మిగులుతుంది" అనే మాట లెక్క కాదు.

వడ్డీ అడిగే తీరు

అదే వారములో ఒక ప్రైవేటు ఫైనాన్సు ఏజెంటు, "మేమూ తొమ్మిది శాతమే, బ్యాంకు చుట్టూ తిరగనక్కరలేదు" అని కుమారునికి చెప్పాడట. అది ఫ్లాటు వడ్డీ. అనగా అప్పు తీరుతూ ఉన్నా వడ్డీ మాత్రము మొదటి 10 లక్షల మీదనే అయిదేళ్ళూ వేస్తారు. అప్పుడు వడ్డీ నాలుగున్నర లక్షలు, వాయిదా 24,167 రూపాయలు. తగ్గుతూ పోయే బాకీ మీద లెక్క వేస్తే అది 16 శాతమునకు దగ్గర, రూపాయి పావలా వడ్డీకి పైమాటే. అంకె ఒకటే, అప్పు మాత్రము వేరు! ఏ అప్పుకైనా వెళ్ళినప్పుడు, "మిగిలిన బాకీ మీద వడ్డీయా, మొదటి సొమ్ము మీద వడ్డీయా?" అని అడుగుటకు సిగ్గుపడకండి.

అలాగే వాయిదా తక్కువ అవుతుందని ఏడేళ్ళు పెట్టుకొనే వారున్నారు. అదే 9 శాతమునకు 10 లక్షల మీద వాయిదా 16,089 రూపాయలకు దిగుతుంది గాని, వడ్డీ 2 లక్షల 45 వేల నుండి 3 లక్షల 51 వేలకు ఎక్కుతుంది.

తల్లి చెప్పిన మాట

లెక్క ముగిసిన తరువాత ఆ తల్లి కుమారుని అడిగినది: "నాయనా, ఈ బండి ఎన్నేళ్ళు వాడతావు?"

"పదేళ్ళన్నా వాడతానమ్మా. ఇక్కడి నుండి కదిలే ఆలోచన లేదు."

"పదేళ్ళు ఉంచుకొనేదానికి కౌలు ఎందుకురా మరి?"

పిమ్మట ఆమె భర్త వైపు తిరిగినది. "మీరు చేను అమ్ముతామన్నారు. పదేళ్ళకు ఆ బండి తుక్కు ధరకు వస్తుంది. చేను మళ్ళీ వస్తుందా? ఏటా ఆ అర ఎకరము గింజలే కదా మన గాదెలోకి వచ్చేది. ఊరివాళ్ళ మాట కోసము దానిని పోగొడతారా?"

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వాడు అప్పులపాలు అవుతాడనే నా భయము" అన్నారు. పది రోజుల కోపము వెనుక ఉన్న సంగతి అప్పుడు బయటపడినది. అద్దె బండి అవమానము పైకి చెప్పిన మాట. కొడుకు మీది దిగులు లోపలి మాట. అది విని కుమారుని కండ్లు చెమర్చినవి. మనము కూడ ఇళ్ళలో కారు గురించి, పొలము గురించి పోట్లాడుకొంటున్నామని అనుకొంటాము. చాలా మారులు మనము చెప్పలేని భయము గురించే పోట్లాడుకొంటాము.

ఆరు నెలల పరీక్ష

కుమారుని యొద్ద అప్పటికి మూడు లక్షలే ఉన్నవి. మేము ఒక సలహా ఇచ్చాము. కారు వచ్చిన తరువాత వాయిదా, బీమా, సర్వీసు కలిపి నెలకు ఎంత కావాలో ఆ సొమ్మును ఇప్పటి నుండే, కారు లేకుండానే, వేరే ఖాతాలో వేయండి. ఆరు నెలలు వేయగలిగితే కారు మీ శక్తిలో ఉన్నట్లే. వేయలేకపోతే, అప్పు మెడకు పడకముందే తెలిసికొన్నారు.

నెలకు 25,000 చొప్పున మొదలుపెట్టారు. నాలుగవ నెలలో బాబుకు జ్వరము వచ్చి ఆసుపత్రి ఖర్చు పడినది. ఆ నెల వేయలేకపోయారు. లక్షన్నర పూర్తి అగుటకు ఏడు నెలలు పట్టినది. ఆ తప్పిన నెల కూడా వారికి పాఠమే నేర్పినది. మరొక మూడు వాయిదాలకు సరిపడే సొమ్ము వేరుగా లేనిదే అప్పు కాగితము మీద సంతకము పెట్టకూడదని కోడలు పట్టుబట్టినది. అందుకు మరి రెండు నెలలు ఆగి, ఆమె పుట్టింటివారు ఇచ్చిన డిపాజిట్టు గడువు తీరగానే దానిని అలాగే ఉంచారు.

ఇంతలో 2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. మారినది. ఈ రకపు సెడాన్ల మీద సెస్సుతో కలిపి 45 శాతముగా ఉన్న పన్ను 40 శాతమునకు దిగినది. పన్నెండు లక్షల కారుకు నలభై వేల వరకు తగ్గినట్లు. ఆ మేరకు బ్యాంకు అప్పు తగ్గించుకొన్నారు. ఇది వారు ముందుగా కనిపెట్టినది కాదు. ఆగినందున కలిసి వచ్చినది, అంతే. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు ఇంజను గల చిన్న పెట్రోలు కార్లకు అదే రోజు నుండి పన్ను 18 శాతమే అయినది. చిన్న కారుతో పని జరిగే కుటుంబములు ఈ తేడాను తప్పక చూసుకొనవలెను.

అప్పు తీరిన దినమున మరువకూడని పని ఒకటున్నది. ఆర్.సి. మీద బ్యాంకు పేరు ఉంటుంది. బ్యాంకు నుండి ఎన్.ఓ.సి., ఫారము 35 తీసుకొని రవాణా కార్యాలయములో ఆ పేరు తీయించుకొనవలెను. చాలామంది ఈ పని మరచి, బండి అమ్మే నాడు తిరుగుతారు.

ఇంటిలో ఇటువంటి మాట వచ్చినప్పుడు అందరూ కలిసి కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసుకొనండి. ఎన్నేళ్ళు వాడతాము? ఏడాదికి ఎంత దూరము తిరుగుతాము? జీతము ఒక మూడు నెలలు రాకపోతే ఎట్లు? దీని కొరకు ఏమి అమ్మబోతున్నాము? మూడు నాలుగేళ్ళలో మారవలసిన వారికి, స్థిరమైన జీతము గలవారికి లీజు తగును. పదేళ్ళు ఉంచుకొనేవారికి కొనుగోలు తగును. నాలుగవ ప్రశ్నకు "చేను" అని జవాబు వస్తే, కారు ఇంకా కొన్నాళ్ళు ఆగవచ్చును.

క్రిస్మసు దినమున ఆ కారు మందిరము ముందు ఆగినది. సీటు కొంచెము పల్లముగా ఉన్నందున తల్లి దిగుటకు కష్టపడుచుండగా కోడలు చెయ్యి అందించినది. ఆ తరువాత ఆ సీటు మీద ఒక దళసరి దిండు కుట్టి వేశారు. మాస్టారు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూచి, మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మన చేను కోతకు వచ్చింది, చూడ వస్తారా?" అన్నారు. అందరమూ ఆ కారులోనే వెళ్ళాము.