మునిగినా బతికే వరి – ఊపిరి పొదుపే దాని రహస్యం

ఉక్కు నగరం భిలాయిని దాటితే కనిపించేవి వరి పొలాలే. ఛత్తీస్‌గఢ్‌ను అక్కడి ప్రజలు ‘ధాన్ కా కటోరా’, అంటే ధాన్యపు గిన్నె, అని పిలుచుకుంటారు. మహానదికి ఉపనది అయిన శివనాథ్ భిలాయికి సమీపంలోని దుర్గ్ మీదుగా ప్రవహిస్తుంది. వానకాలంలో నది పొంగి పొలాలు మునిగితే రైతును వేధించే ప్రశ్న ఒక్కటే: పైరు ఎన్నాళ్లు ప్రాణం నిలుపుకుంటుంది?

వరి నీటిలో పెరిగే పంటే. అయితే నీటిలో నిలవడం వేరు, నీట మునగడం వేరు. ఆకులు నీటిపైన ఉన్నంతకాలం గాలి వాటినుంచి కాండంలోని సన్నని నాళాల ద్వారా వేళ్లకు చేరుతుంది. పైరు పూర్తిగా మునిగితే ఆ దారి మూసుకుపోతుంది. గాలిలో కంటే నీటిలో వాయువుల వ్యాప్తి దాదాపు పది వేల రెట్లు నెమ్మది. బురద నీరు వెలుతురును కూడా అడ్డుకుంటుంది. మొక్కలో ఇథిలీన్ వాయువు పేరుకుపోతుంది. అప్పుడు సాధారణ వరి గాలిని అందుకోవాలని వేగంగా పొడవు పెరుగుతుంది. ఆ ప్రయత్నంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చయిపోతుంది. వరద తీసేసరికి మొక్క నీరసించి పడిపోతుంది.

మార్టేరు నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో అందించిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) ఆంధ్ర నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పొలాలకు విస్తరించింది. దిగుబడిలో మేటి అయినా ముంపును తట్టుకోలేకపోవడం దాని లోపం. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఏ అనే వరి రకంలో ముంపును ఓర్చుకునే గుణం ఉంది. దానికి కారణమైన సబ్1ఏ జన్యువును శాస్త్రవేత్తలు 2006లో వెల్లడించారు. సంకరం ద్వారా ఆ గుణాన్ని చేర్చిన స్వర్ణ-సబ్1 రకం 2009లో మన దేశంలో విడుదలైంది.

ఈ రకం నీట మునిగినప్పుడు ఎదుగుదలను ఆపుకుంటుంది. శక్తిని దాచుకుని, వరద తీశాక తిరిగి చిగురిస్తుంది. సుమారు రెండు వారాల ముంపును తట్టుకోగలదు. అయితే ఈ రక్షణ పైరు ఎదిగే దశకే పరిమితం. పూత దశలో మునిగితే నష్టం తప్పదు.

జీవులందరిదీ ఒకే సమస్య

నీటిలోనే పుట్టిన చేపలన్నీ సురక్షితమని కూడా అనలేం. కొరమీను మొప్పలతో పాటు నేరుగా గాలినీ పీల్చుకోవాలి. నీటిపైకి రానీయకుండా అడ్డుకుంటే ఆ చేప కూడా ఊపిరాడక చనిపోతుంది.

మనిషికి వరిలా పొదుపు చేసుకునే వీలు లేదు. ప్రాణవాయువు అందని మెదడుకు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే హాని మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీట మునిగి సుమారు మూడు లక్షల మంది మరణించారు. మునిగేవారు కేకలు వేస్తారనుకోవడం పొరపాటు. చాలామంది నిశ్శబ్దంగానే మునిగిపోతారు.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు నీటిలోకి దూకరాదు. తాడు, కర్ర వంటివి అందించాలి. ఒడ్డుకు చేర్చాక శ్వాస లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకోవడం వంటివి చేయరాదు. వెంటనే నోటితో శ్వాస అందించి, ఛాతీపై లయబద్ధంగా ఒత్తాలి. 108కు సమాచారం ఇవ్వాలి. వరికి వారాల గడువు ఉంటుంది; మనిషికి ఉన్నది నిమిషాలే.